కుట్టు మిషను లోపలికి వెళ్ళిన దారి

ఆ సోమవారం పొద్దున షట్టరు ఎత్తేటప్పటికి అతని చేతిలో ఉన్న పెట్టుబడి ఇదీ: అద్దెకు తీసుకున్న రెండు గదుల షాపు, అందులో కీళ్ళు సడలిన కుర్చీలు, తలుపులు సరిగ్గా పడని బీరువాలు, గాలికన్నా చప్పుడు ఎక్కువిచ్చే టేబులు ఫ్యాన్లు, నోటికి ఉన్నంత చురుకు చేతికి లేని ఒక బావమరిది, పురపాలక గోదాములో తాళాలాయనతో ఏళ్ళ స్నేహం. వీటన్నిటిలో రాబడి తెచ్చేది చివరిదే.

ఆ గోదాములోకి వీధుల్లో జప్తు చేసిన సామానంతా వస్తుంది. ఫుట్‌పాత్ మీద ఎవరైనా బండి పెట్టుకున్నా, బల్ల వేసుకున్నా లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. జరిమానా కట్టి రసీదు చూపిస్తే వస్తువు తిరిగివ్వాలి. ఎవరూ రాకపోతే గడువు దాటాక వేలం వెయ్యాలి. ఇది రూలు. ఎవరు వస్తారో ఎవరు రారో గడువుకు ముందే తేల్చేసేవాడు తాళాలాయన. రారని తేలిన సామాను వెనక తలుపులోంచి ఈ షాపుకి వచ్చేది. ఎక్కడిదని వ్యాపారి అడిగేవాడు కాదు. పాతసామాన్ల వ్యాపారంలో ఆ ప్రశ్న అడిగినవాడి షాపు నిండదు.

కిందటి వారం అలా వచ్చినదే ఆ తొక్కుడు కుట్టు మిషను. ఇనుప స్టాండు గట్టిది, చక్రం తేలిగ్గా తిరుగుతోంది. వ్యాపారి స్వయంగా నూనె వేసి, తెగిన తోలు బెల్టు మార్చి, ముందు గదిలో గుమ్మానికి ఎదురుగా పెట్టాడు. బావమరిది దాన్ని తుడుస్తూ ఉండగా భుజానికి గుడ్డసంచితో ఒకావిడ వచ్చింది.

"మిషను కావాలా అక్కా? ఇలా కాలు పెడితే అలా పరిగెడుతుంది" అన్నాడు బావమరిది.

"తెలుసు" అందామె.

ఆమె ఒక ముక్కాలిపీట లాక్కుని మిషను ముందు కూర్చుంది. సంచిలోంచి దారపు ఉండ తీసి మేకుకి తగిలించింది. వ్యాపారి మొహంలోకి చూస్తూనే దారాన్ని కొక్కేలన్నిట్లోంచీ దాటించి సూదిలోకి ఎక్కించింది. ఒక్కసారి కూడా మిషను వంక చూడలేదు. ఆ తర్వాత కుట్టు పొడవు మార్చే మీట పక్కన ఎర్రటి గోళ్ళరంగు చుక్క ఉంటే దాని మీద వేలు పెట్టింది.

"ఇది నేను పెట్టుకున్నదే. పిల్లల బట్టలకి కుట్టు ఇంతే ఉండాలని గుర్తు."

"ఎర్ర చుక్కలు ఊరంతా ఉంటాయమ్మా" అన్నాడు వ్యాపారి.

ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో రెండు కాగితాలు. ఒకటి జప్తు చీటీ, ఒకటి జరిమానా రసీదు. లారీవాళ్ళు చీటీలో వస్తువు పేరు తప్ప ఇంకేమీ రాయరు. ఈమె మాత్రం లారీకి అడ్డం నిలబడి మరీ మిషను నంబరు రాయించుకుందట. ఇత్తడి పలక మీది అంకెలు ఒక్కొక్కటే చదువుతూ పోయింది. వ్యాపారి చీటీలో చూస్తూ పోయాడు. చివరి అంకెదాకా కలిసింది.

"డబ్బిచ్చి కొన్నానమ్మా" అన్నాడు.

"నేను మాత్రం ఊరికే తెచ్చుకున్నానా?"

"సరే. నాకు పడిన ధరకే ఇచ్చేస్తాను. పైన ఒక్క పైసా వద్దు."

బావమరిది చేతిలో గుడ్డ జారిపోయింది. బావ నోట ఆ మాట అతను పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"ఒకసారి కొనుక్కున్నాను. ఒకసారి జరిమానా కట్టాను. మూడోసారి కూడా నేనే కట్టాలా అన్నా?" అంది టైలరమ్మ. చక్రాన్ని మెల్లిగా తిప్పి, వంగి కిందకు చూసింది. "బెల్టు కొత్తది వేశారే. దాని ఖరీదు చెప్పండి, అది ఇస్తాను."

ఆ మాట వ్యాపారికి ఎక్కడో గుచ్చుకుంది. తిట్టినా ఏడ్చినా అతనికి అలవాటే, జవాబులున్నాయి. ఇవ్వాల్సింది ఎంతవరకో అంతవరకే తేల్చి చెప్పే మనిషి అతనికి కొత్త. మనసులో చకచకా లెక్క వేశాడు. ఆమె చేతిలో నంబరున్న చీటీ ఉంది. పోలీస్‌స్టేషన్‌కి వెళితే గోదాము సామాను తన షాపులో దొరికినట్టే. మిషను ధర వదులుకోవడమే అన్నిటికన్నా చౌక.

"తీసుకుపో తల్లీ. రిక్షా కూడా నేనే మాట్లాడతాను."

ఆమె లేవలేదు. "విడుదల చీటీ?"

"వస్తువు వచ్చాక చీటీ ఎందుకు?"

"నేను దీన్ని ఇంట్లో దాచుకోవడానికా, బజార్లో కుట్టడానికా? పోయిన ఏడాది మా పక్కన పళ్ళబండి అతను ఎవరికో ఇంత ఇచ్చి వెనకనించి బండి తెచ్చుకున్నాడు. వారం తిరక్కుండా లారీవాళ్ళు చూసి, చీటీ లేదు కనక గోదాములోంచి దొంగిలించావన్నారు. బండీ పోయింది, రెండు రోజులు లాకప్పులోనూ ఉన్నాడు. నాకు చీటీ కావాలి. చీటీ మీద ఆఫీసరు సంతకం చెయ్యాలంటే గురువారం నాడు మిషను గేటు దగ్గర వరసలో ఉండాలి. ఆయన నంబరు చూసి సుద్దతో గీత గీస్తాడు. మీరు దీన్ని ఎక్కడనించి తెచ్చారో అక్కడే పెట్టండి."

"గురువారం దాకా ఆగుతావా?"

"వచ్చే సోమవారం బడులు తెరుస్తారు. ఒక బడి పిల్లల బట్టలన్నీ ఒప్పుకున్నాను. కత్తిరించినవి మూటలు కట్టి ఇంట్లో పడున్నాయి. టైముకి ఇవ్వకపోతే ఈ ఏడాదికే కాదు, ఇక ఎప్పటికీ ఆ పని నాకివ్వరు. ఆగక ఏం చెయ్యను?"

ఆమె షాపు మెట్టు మీద కూర్చుని సంచిలోంచి అరచేతంత కాలరు ఒకటి తీసి చేత్తో కుట్టడం మొదలుపెట్టింది. అరిచినా బాగుండేది. లోపలికి వచ్చిన ప్రతివాడూ ఆమెను దాటుకుని రావాలి. దాటేటప్పుడు "ఏమిటమ్మా ఇక్కడ?" అని అడుగుతాడు. "నా మిషను లోపల ఉంది" అని మాత్రం చెబుతుంది. ఆ రోజు ఒక బీరువా బేరం, రెండు కుర్చీల బేరం మెట్టు దగ్గరే తిరిగి వెళ్ళిపోయాయి.

రాత్రి భోజనాల దగ్గర వ్యాపారి కంచంలో వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాడు. బావమరిది జరిగినదంతా అక్కకు చెప్పి, "పడిన ధరకే ఇస్తానన్నాడక్కా, నా చెవులతో విన్నాను" అన్నాడు.

భార్య నమ్మలేనట్టు చూసింది. "ఆ బెల్టు డబ్బులు తీసుకున్నారా?"

"లేదు."

"ఇస్తానంటే కూడానా?" ఆమె అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "జ్వరం లేదే!"

మర్నాడు షట్టరు తియ్యకుండానే గోదాముకు వెళ్ళాడు. రేకుల షెడ్డు కింద ఊళ్ళో బతుకుతెరువులన్నీ గుట్టలు పోసి ఉన్నాయి. చక్రాలు పైకి తిరిగిన తోపుడుబళ్ళు, ఊచలు విరిగిన పెద్ద గొడుగులు, ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న స్టూళ్ళు, ఒక పీపా నిండా తూకపురాళ్ళు. గేటు దగ్గర కొత్తగా వచ్చిన గార్డు లారీలోంచి దిగిన ప్రతి వస్తువునూ రాసుకుంటున్నాడు. తాళాలాయన కుర్చీలో వెనక్కి వాలి, గుత్తిని చూపుడువేలికి తగిలించుకుని తిప్పుతూ టీ తాగుతున్నాడు. ఆయన ఎదురుగా ఒక ముసలాయన రసీదు పట్టుకుని నిలబడ్డాడు.

"గురువారం రా తాతా. నీ సానచక్రానికి కాళ్ళొచ్చి ఎక్కడికీ పోదు."

"పోయిన గురువారం కూడా ఇదే మాట అన్నారు బాబూ. కత్తులకి సాన పట్టకపోతే నాకు పూట గడవదు."

"వెతుకుతున్నాం అన్నానా లేదా? వెతకడం నా డ్యూటీ. రావడం నీ డ్యూటీ."

ముసలాయన పక్కకు తప్పుకున్నాడు. వ్యాపారి చూపు తిప్పుకున్నాడు. ఆ సానచక్రాన్ని పోయిన నెలలోనే పక్కూరి కసాయి కొట్టతనికి మంచి లాభానికి అమ్మాడు.

మిషను సంగతి చెప్పగానే తాళాలాయన గుత్తి తిప్పడం ఆపాడు.

"తిరిగిచ్చేస్తావా? నువ్వా? ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు కదా?"

"ఆవిడ దగ్గర నంబరుంది. ఊరుకునే రకం కాదు. వెనక తలుపు తియ్యండి, సాయంత్రం తెచ్చి పడేస్తాను. నాకు డబ్బు కూడా వద్దు."

"ఏమోయ్, నువ్వు వ్యాపారస్తుడివి, నీకు చెప్పాలా? కాగితం మీద ఆ మిషను ఇక్కడే ఉంది. లోపలున్నది మళ్ళీ లోపలికెలా వస్తుంది? పైగా వెనక తలుపు దగ్గరికి ఆ కొత్త గార్డు పగలూ రాత్రీ పదిసార్లు వస్తున్నాడు. బయటికి పోయేదంటే చెత్త అని చెప్పుకోవచ్చు. లోపలికొచ్చేదాన్ని ఏమని చెప్పను? వాడి నోరు ముయ్యాలంటే ఆ మిషను ధరకి రెండింతలవుతుంది. ఎవడిస్తాడు, నువ్వా?"

"మరి ఆవిడ?"

"తిరుగుతుంది. ఎంత తిరుగుతుంది? మహా అయితే నెల. తర్వాత ఇంకో మిషను వాయిదాల మీద కొనుక్కుంటుంది. అందరూ అంతే. నువ్విలా ప్రతివాడికీ కరిగిపోతే నెలాఖరు లోడు ఇంకొకరికి చెప్పుకుంటాను." ఆయన గేటు వైపు గడ్డంతో చూపించాడు. "ఈ గేట్లోకి మా లారీ మీద వచ్చిందే వస్తుంది. ఇంకేదీ రాదు. పో, పోయి బేరాలు చూసుకో."

తిరిగి వస్తూ వ్యాపారి దారిలో రెండుసార్లు ఆగాడు. రెండోసారి ఆగినప్పుడు ఎవరో పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు, ఎందుకంటే తనలో తను నవ్వుకుంటున్నాడు. లారీ మీద వచ్చిందే వస్తుంది. అయితే లారీ మీదే పంపాలి.

బుధవారం పొద్దున్నే మిషనును బావమరిది చేత ఫుట్‌పాత్ నడుమకు మోయించాడు. పక్కన నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను కూడా పెట్టించాడు, ఒంటరిగా ఉంటే అనుమానం వస్తుందని.

"బావా, లారీ వస్తుంది" అన్నాడు బావమరిది.

"రావాలనే."

లారీ వచ్చింది. ముందు సీటులో కూర్చున్న మేస్త్రి కిటికీలోంచి చెయ్యి ఊపాడు. "బాగున్నావా అన్నా!" అని, మిషను పక్కనించి జాగ్రత్తగా తప్పించి పోనిచ్చాడు. రెండు షాపుల అవతల చెప్పులు కుట్టేవాడి పెట్టెను మాత్రం దిగి ఎత్తుకున్నారు.

వ్యాపారి అలాగే నిలబడిపోయాడు. నెలనెలా తను ఇచ్చే మామూలు ఇంత గట్టిగా పనిచేస్తోందని అతను ఎప్పుడూ గమనించలేదు.

"నీ పలుకుబడే నీకు అడ్డమొచ్చింది బావా" అన్నాడు బావమరిది.

లారీ మలుపులో టీకొట్టు దగ్గర ఆగింది. వ్యాపారి అక్కడికి వెళ్ళాడు. మేస్త్రి గ్లాసు అందించబోయాడు.

"టీ తర్వాత. మా షాపు ముందు ఆక్రమణ ఉంది, కనపడలేదా?"

"నీదా?" మేస్త్రి నవ్వాడు. "నీది ఆక్రమణ ఎందుకవుతుందన్నా, నీడ కోసం పెట్టుకున్నావు."

"ఈ నెలనించి నేను ఇవ్వను."

నవ్వు సగంలో ఆగింది. "ఎందుకని?"

"ఇవ్వను, అంతే. ఏం చేసుకుంటావో చేసుకో."

"పొద్దున్నే ఏం మాటలివి? పో అన్నా, పో. ఇంట్లో గొడవైతే మా మీదనా?"

వ్యాపారి గొంతు పెంచాడు. టీ తాగేవాళ్ళు తిరిగి చూశారు. "చెప్పులు కుట్టేవాడి పెట్టె ఎత్తడానికి ఆరుగురు దిగుతారే! ఆడమనిషి మిషను మీద పడతారే! నా నాలుగు కుర్చీలు చూసి కళ్ళు మూసుకుపోయాయా? లారీకి బలం ఉన్నది బక్కవాళ్ళ ముందేనా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రి గ్లాసు నేలకేసి విసిరాడు. లారీ వెనక్కి వచ్చింది, అలా రావడం ఆ వీధిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. నాలుగు కుర్చీలతో సరిపెట్టలేదు. గుమ్మంలో ఉన్న నిచ్చెన, గోడకు ఆనించిన అద్దం బల్ల కూడా ఎత్తారు. కుర్చీలను విసిరేస్తుంటే వ్యాపారి చేతులు కట్టుకుని చూశాడు. మిషను దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "ఆగండి, దాని తల విరుగుతుంది" అని తనే ఒక పక్క పట్టి పైకెక్కించాడు. స్టాండు కదలకుండా తాడు వేసి ముడి బిగించాడు.

"ఇంత ముద్దుగా జప్తు చేయించుకునేవాణ్ణి ఇవాళే చూశాన్రా" అన్నాడు లారీ మీది కూలీ.

చీటీ రాసేటప్పుడు మేస్త్రి పళ్ళు కొరుకుతూ రాశాడు. కుర్చీలు, ఫ్యాను, నిచ్చెన, అద్దం బల్ల. కుట్టు మిషను ఒకటి. నంబరు రాయలేదు. వ్యాపారి అడగలేదు.

అతని పథకం ఇంతే. గురువారం టైలరమ్మ వరసలో ఉన్న మిషను నంబరు చూపించి తీసుకుపోతుంది. తన జాబితాలో కూడా ఒక మిషను ఉంది కదా, దాన్ని అందుకున్నట్టు తను కిమ్మనకుండా సంతకం పెట్టేస్తాడు. గోదాములో కాగితానికీ సరుకుకీ లెక్క సరిపోతుంది. తాళాలాయనకు చెమట పట్టినా చిక్కు రాదు, నెలాఖరు లోడుకూ ఢోకా ఉండదు. మిషను ధర, జరిమానా, మేస్త్రిని మళ్ళీ మంచి చేసుకోవడానికి అయ్యేది, ఇవీ నష్టం. నష్టమే, కానీ హద్దు తెలిసిన నష్టం. ఆ సాయంత్రమే జరిమానా కట్టి, టైలరమ్మకు కబురు పంపాడు.

గురువారం గేటు ముందు జనం అతను అనుకున్నదానికన్నా ఎక్కువ ఉన్నారు. ఇన్నేళ్ళూ వెనక తలుపు దగ్గరే తప్ప అతను ఈ వైపు ఎప్పుడూ నిలబడలేదు. ఎండ సూటిగా మెడ మీద పడుతోంది. కూర్చోవడానికి ఏమీ లేదు, లోపల వందల స్టూళ్ళున్నా. వరసలో ముందున్న ఒకావిడ తన తక్కెడకు పళ్ళెం ఒక్కటే ఇచ్చారని చెబుతోంది. "సంతకం పెట్టు, రెండోది దొరికాక పంపుతాం" అంటున్నాడు తాళాలాయన. అది అక్కడి పద్ధతి. జాబితాలో పది ఉంటే ఆరు చూపిస్తారు. మొత్తానికీ కలిపి అడుగున ఒక్కటే సంతకం. పెట్టకపోతే ఆ ఆరూ మళ్ళీ లోపలికి పోతాయి. ఆవిడ నిట్టూర్చి పెట్టింది. ఆఫీసరు ఆ సంతకం కింద తన సంతకం చేశాడు. ఆయనకు దుమ్ము పడదు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా కాగితాలు మాత్రం చూస్తున్నాడు.

టైలరమ్మ వంతు వచ్చింది.

"ఇంకా వెతుకుతున్నామమ్మా" అన్నాడు తాళాలాయన.

"అక్కర్లేదు సార్, అదిగో" అంది ఆమె.

జరిమానా కట్టినవాళ్ళ సామాను కొత్త గార్డు ముందే తెచ్చి పెట్టాడు. మిషను వ్యాపారి కుర్చీల పక్కన, వరసలోనే ఉంది. తాళాలాయన తిరిగి చూశాడు. ఆమె అప్పటికే వెళ్ళి పలక మీద వేలు పెట్టి నిలబడింది. ఆఫీసరు విసుగ్గా లేచి, వంగి, చీటీలో నంబరుతో పోల్చి చూసుకున్నాడు.

"ఉందిగా! ఇన్ని వారాలు లేదంటావేం?"

తాళాలాయన కళ్ళు ఒక్క క్షణం వ్యాపారి మీద ఆగాయి. అంతలోనే గొంతు సర్దుకున్నాడు. "నిన్న రాత్రి దగ్గరుండి వెతికించాను సార్. బళ్ళ కింద పడిపోయి ఉంది."

ఆఫీసరు సుద్దతో గీత గీసి విడుదల చీటీ మీద సంతకం చేశాడు. టైలరమ్మ రిక్షా పిలిచింది. వెళ్ళేముందు వరసలో ఉన్న వ్యాపారి దగ్గరకు వచ్చి, కొంగు ముడి విప్పి, బెల్టు ఖరీదు అతని చేతిలో పెట్టింది. అతను తీసుకున్నాడు. ఆమె థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సినదేమీ లేదని అతనికీ తెలుసు.

అతని వంతు వచ్చేసరికి తాళాలాయన మొహం మామూలైంది. పథకం ఆయనకూ అర్థమైంది. నచ్చలేదు గానీ, గట్టెక్కుతుందని తేలింది. కుర్చీలు చూపించాడు. ఒకదాని కాలు ఊడింది. ఫ్యానుకు ఒక రెక్క లేదు. అద్దం బల్లకు అద్దం లేదు, బల్ల మాత్రం ఉంది.

"అన్నీ వచ్చాయిగా. ఇక్కడ పెట్టు" అని కాగితం అడుగున గోటితో గీరాడు. తర్వాత ఆఫీసరుకు వినపడకుండా, "తెలివైనవాడివే. ఈ వేషాలు ఇంకోసారి వేశావో, ఆ వరసలోనే ముసలాడివైపోతావు. పెట్టు, పెట్టు" అన్నాడు.

వ్యాపారి కలం అందుకున్నాడు. వెనకనించి ఎవరో భుజం తట్టారు. సాన పట్టే ముసలాయన.

"బాబూ, అన్నీ చూసుకుని పెట్టు. ఒకసారి పెట్టాక మరి అడగనివ్వరు. కళ్ళజోడు లేదా? కావాలంటే సామాన్లు నేను చూసి చెబుతా." మెడ సాచి వరసకేసి చూసి గొంతు తగ్గించాడు. "నా చక్రం గానీ నీ సామాన్లలో కలిసిపోయిందేమో, కాస్త చూడు నాయనా. రాతి చక్రం. నడుమ ఇనుప చువ్వ ఉంటుంది."

"లేదు తాతా" అన్నాడు వ్యాపారి.

"ఉంటే ఇచ్చేస్తావులే, మొహం చూస్తే తెలుస్తోంది."

వ్యాపారి కాగితం మీదకు వంగాడు. జీవితంలో అతను సరుకు పుట్టుక అడక్కుండా కొన్నాడు, పగుళ్ళకు లప్పం పెట్టి అమ్మాడు. కానీ చేతికి అందని సరుకుకు అందినట్టు సంతకం ఎప్పుడూ పెట్టలేదు. అలా పెట్టినవాణ్ణి వ్యాపారస్తుడని అనరు. ఇక్కడ పొద్దున్నించీ అందరిచేతా అదే పెట్టిస్తున్నారు. ఆ సంతకాల మీదే తన ముందు గది నిండుతూ వచ్చింది. ఇది అతనికి కొత్తగా తెలిసింది కాదు. కానీ ఇవాళ కలం తన చేతిలో ఉంది.

ఒక్కో వస్తువు పక్కన మెల్లిగా రాసుకుంటూ వచ్చాడు. కుర్చీలు, అందాయి, ఒకటి విరిగింది. ఫ్యాను, అందింది, రెక్క లేదు. నిచ్చెన, అందింది. బల్ల, అందింది, అద్దం లేదు. కుట్టు మిషను, అందలేదు. అప్పుడు అడుగున సంతకం పెట్టి కాగితం నేరుగా ఆఫీసరు ముందుకు తోశాడు.

ఆఫీసరు కలం ఎత్తి, ఆ మాట దగ్గర ఆగాడు. రుమాలు కిందకు దించాడు.

"అందలేదు అంటే?"

"చూపించలేదు సార్."

"ఇప్పుడే ఒక మిషను పోయిందిగా?"

"అది ఆవిడది సార్. నంబరు మీరే చూశారు."

ఆఫీసరు తాళాలాయన వంక చూశాడు. తాళాలాయన వ్యాపారి మీదికి వంగి నవ్వుతున్నట్టే మొహం పెట్టి, "నీకు ఏమేం అమ్మానో నేనూ చెప్పగలనోయ్" అని గొణిగాడు.

"చెప్పండి. ఎక్కడ కొన్నావని నన్నూ అడుగుతారు, నేనూ చెబుతాను."

ఆఫీసరు మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు. భయస్తుడు. 'అందలేదు' అన్న మాట కింద తన సంతకం ఉంటే రేపు ఎవరైనా తననే అడుగుతారు. ఆ ఒక్క ఆలోచనతో ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. "ఏం మనిషివయ్యా, మిట్టమధ్యాహ్నం ఈ తద్దినమేమిటి నాకు" అని విసుక్కున్నాడు. ఆ తర్వాత గార్డును పిలిచి, "లోపల ఏమున్నాయో ఏం లేవో మొత్తం చూడాలి. తాళాలు ఇలా ఇమ్మను" అన్నాడు.

గుత్తి వేలినుంచి ఊడి రావడానికి కొంచెం సేపు పట్టింది.

వరస కదలలేదు, చెదరలేదు. ముసలాయన తన కాగితాన్ని వ్యాపారి ముందు పరిచాడు. "నాకూ ఆ మాట రాసిపెట్టు బాబూ. నాకు సంతకం ఒక్కటే వచ్చు." అతను రాశాడు. రాసి, ముసలాయన చెవిలో, "నీ చక్రం ఎవరి దగ్గరుందో నాకు తెలుసు తాతా. రెండు రోజులు ఆగు" అన్నాడు. ముసలాయన అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. తక్కెడావిడ వెళ్ళినదల్లా వెనక్కి వచ్చి, పెట్టేసిన సంతకం పక్కన ఇప్పుడు రాయవచ్చా అని అడుగుతోంది.

శుక్రవారం అతన్ని పిలిచి వాంగ్మూలం తీసుకున్నారు. ఏమేం కొన్నాడో చెప్పాడు. అన్నీ చెప్పాడని అనలేం. గుర్తున్నవి చెప్పాడు. శనివారం మధ్యాహ్నానికి షాపులో బేరాలు లేవు. ఫుట్‌పాత్ మీద ఏమీ పెట్టడానికి లేదు, ఎందుకంటే లారీ ఇప్పుడు పూటకోసారి వచ్చి గుమ్మం ముందు ఆగుతోంది. సామానంతా లోపలికి తోసేసరికి భార్యాభర్తలు బీరువాల మధ్య పక్కవాటుగా నడుస్తున్నారు.

"ఇలా కూర్చోండి. మొత్తం చెప్పండి, వింటాను" అంది భార్య.

అతను చెప్పాడు. మిషను ధర పోయింది. జరిమానా పోయింది. ఫ్యాను రెక్క, కుర్చీ కాలు, అద్దం పోయాయి. సానచక్రాన్ని అమ్మిన ధరకన్నా ఎక్కువిచ్చి బావమరిది చేత వెనక్కి తెప్పించి ముసలాయనకు ఇచ్చాడు, ఆ తేడా పోయింది. వేలం పాడేవాళ్ళలోంచి అతని పేరు కొట్టేశారు. దొంగసరుకు కొన్నందుకు ఇంకా కేసో జరిమానానో వెయ్యవచ్చు, వెయ్యకపోవచ్చు. తాళాలాయనను నీటి బిల్లుల కౌంటరుకు మార్చారు. అక్కడ ఆయనకు బాగానే ఉంటుంది. వీళ్ళ నీటి బిల్లు మాత్రం ఇకమీదట ఎలా వస్తుందో చూడాలి.

"నీటి బిల్లు కూడానా!" అంది ఆమె.

"టైలరమ్మ రాత్రీ పగలూ కుడుతోందట. సోమవారానికి అవుతాయట" అన్నాడు బావమరిది, ఊరట కోసం.

"అది ఆవిడ రాబడిరా. మీ బావకి వచ్చిందేమిటో అడుగు."

వ్యాపారి ఆలోచించాడు. "బెల్టు ఖరీదు వచ్చింది" అన్నాడు.

"ఇంకా?"

"ఆ గేటు దగ్గర ఇకనించి అడుగున ఒక్క సంతకం తీసుకోరట. ఒక్కో వస్తువుకూ ఒక్కో సంతకం. వస్తువు చూపించాకే. ఆఫీసరు తన భయానికి తను పెట్టుకున్నాడు గానీ, పెట్టాడు."

"అది మీకు వచ్చినట్టెలా అవుతుంది?"

"నాకని కాదు" అన్నాడతను. "మొత్తం చెప్పమన్నావు కదా. ఖర్చులన్నీ పోను వచ్చింది అదీ."

ఆమె ఊడిన కుర్చీ కాలు తీసుకొచ్చి అతని ముందు పెట్టి, సుత్తి కోసం వెతకడానికి బీరువాల మధ్యకు వెళ్ళింది.